పరాయి కౌంటర్ మీద మన రూపాయి ధర

విదేశం వెళ్లేవారికి ఇచ్చే సలహాల్లో ఈ మధ్య ఒకటి తప్పనిసరిగా చేరింది. "కార్డు మిషన్ రూపాయల్లో కడతారా అని అడిగితే వద్దనండి, అక్కడి కరెన్సీలోనే కట్టండి" అన్నది ఆ సలహా. తిరుపతి నుంచి పిల్లల దగ్గరికి అమెరికా బయలుదేరే తల్లిదండ్రుల ఫోన్లలో ఈ మాట ఏదో ఒక గ్రూపులో ఉండే ఉంటుంది. సలహా సరైనదే. కానీ ఎందుకో ఎవరూ చెప్పరు. కారణం తెలియని సలహా కౌంటర్ దగ్గర నిలబడదు. వెనక వరుస పెరుగుతూ ఉంటుంది, ఎదుటివారు నవ్వుతూ "రూపాయల్లోనేనా?" అని అడుగుతారు, మిషన్ తెర మీద మనకు బాగా తెలిసిన గుర్తు కనిపిస్తుంది. ఆ క్షణంలో వాట్సాప్‌లో చదివిన వాక్యం ఎవరికి గుర్తుంటుంది?

నేను చిత్తూరులో పద్దులు చూసే పని చేస్తాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల లెక్కలు ఎక్కువగా నా దగ్గరికి వస్తాయి. దుబాయ్‌లో ఏటా జరిగే గల్ఫుడ్ ప్రదర్శనకు తోతాపురి గుజ్జు నమూనాలు పట్టుకుని వెళ్లే యజమానులు, తిరిగి వచ్చాక ఖర్చుల కాగితాలన్నీ ఒక కవరులో వేసి ఇస్తారు. వాటిలో ఒక హోటల్ బిల్లు రూపాయల్లో కట్టి ఉంది. ఎందుకలా కట్టారని ఆ యజమానిని అడిగాను. ఆయన సమాధానం నన్ను ఆలోచనలో పడేసింది.

"దిర్హమ్‌లలో కడితే ఎంత పడిందో ఇంటికి వచ్చాక గానీ తెలియదు సార్. రూపాయల్లో అయితే అక్కడికక్కడే తెలుస్తుంది. తెలిసి కట్టడం మంచిదా, తెలియక కట్టడం మంచిదా?"

దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. వ్యాపారంలో ముప్పై ఏళ్లు నలిగిన మనిషి అడిగిన ప్రశ్న ఇది. రూపాయల్లో కట్టేవారంతా అమాయకులని రాసేవాళ్లు ఈ ప్రశ్నను ఎదుర్కోకుండా పక్కకు తప్పుకుంటారు. నా అభిప్రాయం మాత్రం ఇది: ఆయనకు అక్కడ తెలిసింది మొత్తం మాత్రమే. ధర తెలియలేదు. దిర్హమ్‌ను రూపాయిగా మార్చినందుకు ఎంత తీసుకున్నారో ఆ మిషన్ ఆయనకు చెప్పలేదు. ఆ ధర చెప్పనంత కాలం దాన్ని ఎంపిక అని పిలవడం న్యాయం కాదు.

స్లిప్పులో ఏముంది

ఆ స్లిప్పును ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. వేడికి అక్షరాలు పడే పలుచటి కాగితం. పైన 1,500 దిర్హమ్‌లు. దాని కింద కాస్త పెద్ద అక్షరాల్లో 36,585 రూపాయలు. దాని కింద మారకపు రేటు: ఒక రూపాయికి 0.0410 దిర్హమ్. అన్నిటికన్నా అడుగున, భూతద్దం పెట్టుకుంటే తప్ప కనపడని అక్షరాల్లో ఒక ప్రకటన. ఏ కరెన్సీలో కట్టాలో ఎంచుకునే అవకాశం నాకు ఇచ్చారు, నేను రూపాయలను ఎంచుకున్నాను, ఇదే నా తుది నిర్ణయం అని కార్డుదారు చెప్పినట్టుగా ఉంటుంది. దాని కింద ఆయన సంతకం.

రేటు రాసిన తీరు గమనించండి. దిర్హమ్‌కు ఇన్ని రూపాయలు అని రాసి ఉంటే ఎవరైనా పోల్చుకుంటారు. గల్ఫ్‌తో బంధుత్వం లేని ఇల్లు రాయలసీమలో తక్కువ, దిర్హమ్ ధర చాలామందికి నోటికి వస్తుంది. ఇక్కడ మాత్రం తలకిందులుగా, రూపాయికి ఎంత దిర్హమ్ అని వేశారు. ఆ రోజు కార్డు నెట్‌వర్క్, అంటే వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి సంస్థ, లెక్క ప్రకారం దిర్హమ్ దాదాపు 23 రూపాయలు. దాన్ని తిరగేస్తే 0.0435 వస్తుంది. 0.0435కీ 0.0410కీ తేడా ఎంతని అడిగితే ఎవరైనా ఏముందిలే, సున్నా తరువాత ఎక్కడో నాలుగు అంకెలు అంటారు. క్యాలిక్యులేటర్ తీసి 0.0410ని తిరగేస్తే దిర్హమ్‌కు 24 రూపాయల 39 పైసలు పడింది. అంటే ఆరు శాతం పైమాటే. 1,500 దిర్హమ్‌ల మీద రెండు వేల రూపాయలకు పైగా ఆ దశాంశాల చాటున వెళ్లిపోయింది.

దామలచెరువు మామిడి మండీలో తరుగు తీయడం ఆ యజమానికి తెలియని సంగతి కాదు. టన్నుకు ఇంత అని రైతుకు ధర బాగానే చెబుతారు, పోయేది తూకంలో పోతుంది. ఆయనకు ఈ స్లిప్పును ఆ మాటతోనే వివరించాను. వెంటనే అర్థమైంది.

ఈ పని ఎలా జరుగుతుందో కూడా చెప్పాలి. కార్డు పెట్టగానే దాని నంబరులోని మొదటి అంకెలను బట్టి అది భారతీయ బ్యాంకు ఇచ్చిందని మిషన్‌కు తెలుస్తుంది. దిర్హమ్‌లు నొక్కితే ఆ మొత్తాన్ని వీసా లేదా మాస్టర్‌కార్డ్ తమ రేటుతో మారుస్తాయి. ఆ రేట్లు వాళ్ల వెబ్‌సైట్లలో తేదీ వారీగా ఉంటాయి, ఎవరైనా చూసుకోవచ్చు. దాని మీద మన బ్యాంకు తన మార్కప్, అంటే అదనంగా తీసుకునే శాతం, కలుపుతుంది. రూపాయలు నొక్కితే మార్పిడి అక్కడే, ఆ దుకాణానికి మిషన్ ఇచ్చిన బ్యాంకు తరఫున పనిచేసే సంస్థ రేటుతో జరిగిపోతుంది. దీన్నే డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు, పొట్టిగా డీసీసీ. ఆ రేటు ఎంత ఉండాలో కార్డు నెట్‌వర్క్ చెప్పదు, మన బ్యాంకు చెప్పదు. మిగిలిన సొమ్ములో దుకాణానికీ వాటా ఉంటుంది. కౌంటర్‌లో ఉన్నవారు అంత మర్యాదగా రూపాయల సంగతి ఎత్తడానికి ఆ వాటా ఒక కారణం.

ఆయన ప్రశ్నలో బలం ఉంది

ఇప్పుడు అవతలి పక్షం. ఇంటర్నెట్‌లో ఈ విషయం మీద రాసేవారు ఎక్కువగా అమెరికా, ఐరోపా వాళ్లు. వాళ్లలో చాలామంది దగ్గర విదేశీ మార్కప్ అసలే లేని కార్డులు ఉంటాయి. వాళ్లకు స్థానిక కరెన్సీ ఎంచుకోవడమంటే ఖర్చు లేకుండా బయటపడటం. మన దగ్గర అలా కాదు. సాధారణ భారతీయ క్రెడిట్ కార్డు మీద విదేశీ మార్కప్ 3.5 శాతం వరకూ ఉంటుంది, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే 4.13 శాతం. దిర్హమ్‌లలో కట్టినా మనకు చిల్లు పడుతూనే ఉంటుంది.

పైన చెప్పిన బిల్లునే తీసుకుంటాను. దిర్హమ్ 23 రూపాయలైతే 1,500 దిర్హమ్‌లకు 34,500. దాని మీద 4.13 శాతం కలిపితే 35,925 రూపాయలు. ఇక రూపాయల్లో కట్టిన 36,585 కూడా అక్కడితో ఆగదు. విదేశంలో జరిగిన లావాదేవీ రూపాయల్లో ఉన్నా మన బ్యాంకులు చాలావరకు ఒక శాతం, ఆపైన జీఎస్టీ వేస్తున్నాయి. శాతం బ్యాంకును బట్టి మారుతుంది, కార్డు చార్జీల పట్టికలో ఉంటుంది. ఒక శాతమే అనుకుంటే మొత్తం 37,017. తేడా సుమారు 1,090 రూపాయలు. రెండు వేలు అనుకున్నది దాదాపు సగానికి తగ్గింది. మార్కప్ లేని కార్డు అయి ఉంటే మాత్రం తేడా రెండున్నర వేలు దాటేది.

ఇంకొంచెం ముందుకు వెళ్తే నా వాదానికే ఇబ్బంది కలిగించే చోటికి చేరతాం. ఆ హోటల్ మిషన్ ఆరు శాతం కాకుండా మూడు శాతమే వేసుకుని ఉంటే? అప్పుడు రూపాయల్లో 35,954, దిర్హమ్‌లలో 35,925. తేడా ముప్పై రూపాయలు కూడా లేదు. రెండు శాతమే వేసుకుని ఉంటే రూపాయల్లో కట్టినవారే మూడు వందలు మిగుల్చుకునేవారు. లెక్క తేల్చి చెప్పాలంటే, 3.5 శాతం మార్కప్ ఉన్న కార్డుకు ఆ హద్దు దాదాపు 2.9 శాతం దగ్గర ఉంది. మిషన్ అంతకన్నా తక్కువ తీసుకుంటే రూపాయలు మేలు, ఎక్కువ తీసుకుంటే అక్కడి కరెన్సీ మేలు.

కాబట్టి "ఎప్పుడూ స్థానిక కరెన్సీయే" అన్నది గణితం ప్రకారం ప్రతిసారీ నిజమయ్యే సూత్రం కాదు. ఈ సంగతి ఒప్పుకోకుండా సలహా ఇవ్వడం నాకు ఇష్టం లేదు. అయినా నా క్లయింట్లందరికీ అదే సలహా ఇస్తాను. ఎందుకంటే ఆ 2.9 అనే హద్దుకు ఇటువైపు ఉన్నామా అటువైపు ఉన్నామా అని తేల్చుకోవడానికి కావలసిన ఒకే ఒక్క అంకెను ఆ మిషన్ సులువుగా దొరకనివ్వదు. నెట్‌వర్క్ రేటును మించి ఎంత శాతం తీసుకుంటున్నారో తెర మీద రాస్తే ఎనిమిదో తరగతి పిల్లవాడైనా తేల్చగలడు. దానికి బదులు తలకిందుల రేటు, నాలుగు దశాంశాలు, వెనక వరుస. దాచి ఉంచిన ధర చవకగా ఉంటుందని నమ్మడానికి నాకు ఒక్క కారణమూ కనిపించదు. మూడు శాతం లోపు తీసుకునే సంస్థ ఉంటే ఆ మాట పెద్ద అక్షరాల్లో రాసుకునేది కదా.

ఇక తెలిసి కట్టడం గురించి. దిర్హమ్‌లలో కడితే ఎంత పడుతుందో తెలియదన్నది పూర్తిగా నిజం కాదు. కార్డు పెట్టిన రోజుకూ లెక్క తేలే రోజుకూ మధ్య ఒకటి రెండు రోజులు గడుస్తాయి, ఆ లోపు రేటు కాస్త అటూ ఇటూ కావచ్చు. కానీ రూపాయి ఒక్క రోజులో ఒక శాతం కదలడమే అరుదు. పైగా దిర్హమ్‌ను 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టి ఉంచారు. డాలరు ధర పొద్దున పేపర్లో చూసినవారికి దిర్హమ్ ధర చూసినట్టే. ఒక శాతం లోపు ఊగిసలాటను తప్పించుకోవడానికి ఆరు శాతం కట్టడం ఏ వ్యాపారీ మామిడి విషయంలో చేయడు. అదీగాక ఆ ఊగిసలాట మన వైపుకూ రావచ్చు. మార్పిడి సంస్థ తీసుకునే శాతం మాత్రం ఏనాడూ మన వైపుకు రాదు.

ఆఫీసు లెక్కల సౌకర్యం అనే మాట కూడా వింటుంటాను. శ్రీసిటీలోని కంపెనీల్లో పనిచేస్తూ శిక్షణకు జపాన్ వెళ్లే ఇంజనీర్లు, రసీదు రూపాయల్లో ఉంటే ఖర్చు తొందరగా మంజూరు అవుతుందని చెబుతారు. పద్దులు చూసేవాడిగా చెబుతున్నాను, స్థానిక రసీదుకు కార్డు స్టేట్‌మెంట్ జతచేస్తే సరిపోతుంది. అకౌంట్స్ విభాగం పని ఒక నిమిషం తగ్గించడానికి కంపెనీ సొమ్ము వదులుకోనక్కరలేదు.

ఎంపిక అని ఎవరు అంటున్నారు

ఈ సేవను సమర్థించేవారు ఎప్పుడూ ఒకే మాట అంటారు: బలవంతం ఏమీ లేదు, రెండు దారులు చూపిస్తున్నాం, నచ్చినది తీసుకోండి. ఆ మాటకు ఆస్ట్రేలియాలో చట్టం బలం కూడా దొరికింది. 2010లో వీసా కొన్ని నెలల పాటు ఈ సేవ కొత్త దుకాణాలకు విస్తరించకుండా అడ్డుకుంది. అది పోటీని దెబ్బతీసే పని అని అక్కడి పోటీ, వినియోగదారుల కమిషన్ 2013లో కోర్టుకు వెళ్లింది. 2015లో ఫెడరల్ కోర్టు వీసాకు 1.8 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. వినియోగదారుల పక్షాన ఉండవలసిన సంస్థే ఈ సేవకు దారి తెరిచి ఉంచాలని వాదించిందన్నమాట.

మొదటిసారి చదివినప్పుడు ఇది నాకు మింగుడుపడలేదు. తరువాత ఆలోచిస్తే వాళ్ల వాదనలో న్యాయం కనిపించింది. కార్డు నెట్‌వర్క్ కూడా ధర్మసత్రం ఏమీ కాదు. మార్పిడి తన చేతుల్లోనే ఉంటే దానికీ, దాని వెనక ఉన్న బ్యాంకులకూ ఆదాయం. పోటీదారు ఎవరూ లేకుండా చేసుకుంటే రేపు ఆ రేటూ పెరుగుతుంది. పక్కన ఇంకో కౌంటర్ ఉండటం మంచిదే. అందుకే ఈ సేవను పూర్తిగా నిషేధించాలని నేను అనను. అయితే రెండు కౌంటర్లలో ధరల పట్టిక ఒకే కొలతలో రాసి ఉన్నప్పుడే అది పోటీ అవుతుంది.

ఐరోపా సమాఖ్య చేసినది నాకు నచ్చడానికి కారణం అదే. 2019/518 అనే నియమావళి కింద, దుకాణంలోనో ఏటీఎంలోనో మార్పిడి చేసేవారు తమ మొత్తం చార్జీ ఐరోపా కేంద్ర బ్యాంకు ప్రకటించే రిఫరెన్స్ రేటుకు పైన ఎంత శాతమో ముందే చూపించాలి. 2020 ఏప్రిల్ 19 నుంచి ఆ బాధ్యత అమల్లోకి వచ్చింది. శాతం చూపించినంత మాత్రాన హడావిడిలో ఎవరు చదువుతారన్న సందేహం నాకూ ఉంది. అందరూ చదవరు. కానీ చదివేవారికి చదవడానికి ఏదో ఒకటి ఉంటుంది, సలహా ఇచ్చే నాలాంటివారికి చూపించడానికి ఒక అంకె ఉంటుంది. ఆ అంకె బయట పడుతుందని తెలిసినప్పుడు దాన్ని పెట్టేవారూ కాస్త ఆలోచిస్తారు.

వద్దంటే డబ్బు రాదేమోనన్న భయం

దుకాణం కన్నా ఏటీఎం కష్టం. అక్కడ అడగడానికి మనిషి ఉండడు. మా వీధిలో ఉండే రిటైర్డు ఉపాధ్యాయురాలు కొడుకు దగ్గరికి సింగపూర్ వెళ్లినప్పుడు ఒక సాయంత్రం ఏటీఎం ముందు నిలబడి కొడుక్కి ఫోన్ చేశారట. తెర మీద రూపాయల మొత్తం, "హామీ రేటు" అనే మాట, కింద రెండు మీటలు: అంగీకరిస్తున్నాను, తిరస్కరిస్తున్నాను. "తిరస్కరిస్తే కార్డు మింగేస్తుందా నాయనా?" అని ఆమె అడిగిన ప్రశ్న. వచ్చాక ఆమే చెప్పారు నాకు.

ఆమె భయం సహజం. తిరస్కరించడమంటే డబ్బు వద్దనడమేనని ఆ తెర చూసినవారికి అనిపిస్తుంది. నిజానికి తిరస్కరించేది మార్పిడిని మాత్రమే. డబ్బు వస్తుంది, లెక్క సింగపూర్ డాలర్లలో మన బ్యాంకుకు చేరుతుంది. ఈ సంగతి మీటల మీద స్పష్టంగా రాయవచ్చు. "మార్పిడి లేకుండా కొనసాగించు" అని రాసే ఏటీఎంలు ఉన్నాయి. ఉత్త "తిరస్కరిస్తున్నాను" అని రాసే చోట మనిషిని భయపెట్టి ఒప్పిస్తున్నారనే నేను భావిస్తాను. అరవై ఐదేళ్ల మనిషి, పరాయి ఊరు, చీకటి పడుతున్న వేళ. ఆ పరిస్థితిలో వచ్చిన అంగీకారాన్ని తుది నిర్ణయం అనడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఫారెక్స్ కార్డు పట్టుకెళ్లేవారికి ఒక మాట విడిగా చెప్పాలి, ఎందుకంటే అందరికన్నా ఎక్కువ నష్టం వాళ్లకే. అందులో డాలర్లు నింపుకుని వెళ్తారు. కార్డు మాత్రం భారతీయ బ్యాంకుది కనుక మిషన్ రూపాయల్లో కడతారా అని అడిగే అవకాశం ఉంది. సరేనంటే దిర్హమ్ మొదట రూపాయి అవుతుంది, ఆ రూపాయలను కట్టడానికి కార్డులోని డాలర్లు మళ్లీ మారకానికి వెళ్తాయి. రెండు మార్పిడులు, రెండు చోట్లా కోత. మార్కప్ తప్పించుకోవడానికి తీసుకున్న కార్డే ఎక్కువ మార్కప్ కట్టిస్తుంది. ఆ కార్డుతో రూపాయలు నొక్కడానికి ఏ లెక్కలోనూ సమర్థన లేదు, 2.9 శాతం హద్దు కూడా అక్కడ వర్తించదు.

హోటళ్లలో ఇంకొక చిక్కు. కొన్ని చోట్ల గది తీసుకునేటప్పుడు సంతకం చేసే కాగితంలోనే, బిల్లు సొంత కరెన్సీలో తీసుకోవడానికి సమ్మతి అని ఒక గడి ఉంటుంది. ఖాళీ చేసే రోజు ఎవరూ ఏమీ అడగరు, నేరుగా రూపాయల స్లిప్పు వస్తుంది. ఆ గడి చూసి కొట్టేయాలి. మనల్ని అడగకుండా రూపాయల్లో వేసేస్తే, అక్కడే ఆ లావాదేవీని రద్దు చేసి స్థానిక కరెన్సీలో మళ్లీ వేయమని అడగవచ్చు. కరెన్సీని కార్డుదారే ఎంచుకోవాలి, దుకాణదారు ఎంచుకోకూడదు అన్నది వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధన. గొంతు పెంచనక్కరలేదు, సంతకం పెట్టకుండా స్లిప్పు తిరిగి ఇస్తే చాలు. ఊరికి వచ్చాక మన బ్యాంకుతో వాదించి నెగ్గడం కష్టం, ఎందుకంటే అడుగున ఉన్న ఆ చిన్న అక్షరాల ప్రకటన మీద మన సంతకం ఉంటుంది.

మన ఊరి కౌంటర్ సంగతి

ఇంతవరకూ దుబాయ్, సింగపూర్ అన్నాను. ఇదే పని తిరుపతిలోనూ జరుగుతోంది. భారతదేశంలోని బ్యాంకులు ఇచ్చే కార్డు మిషన్లలోనూ ఈ సేవ ఉంది. విదేశీ కార్డు పెడితే అవి కూడా ఆ కార్డు దేశపు కరెన్సీని చూపిస్తాయి.

న్యూజెర్సీలో ఉండే మా వదిన కుటుంబంతో శ్రీవారి దర్శనానికి వచ్చి తిరుపతిలో ఒక హోటల్‌లో దిగారు. ఖాళీ చేసేటప్పుడు కౌంటర్‌లోని కుర్రాడు కార్డు తీసుకుని, మిషన్‌ను తన వైపే ఉంచుకుని, ఏదో నొక్కి స్లిప్పు ఇచ్చాడు. స్లిప్పు మీద డాలర్లు. ఆమె కార్డుకు విదేశీ మార్కప్ లేదు. రూపాయల్లో వేసి ఉంటే నెట్‌వర్క్ రేటుతో సరిపోయేది. ఆ కుర్రాడిని అడిగితే "మీకు సులువుగా ఉంటుందని డాలర్లు వేశాను మేడం" అన్నాడు. అతను నిజాయితీగానే అన్నాడు, మా వదినకు ఆ విషయంలో అనుమానం లేదు. ఆ లావాదేవీ రద్దు చేసి రూపాయల్లో మళ్లీ వేశాడు కూడా.

తరువాత నేను ఆ హోటల్ మేనేజర్‌తో కూర్చుని మాట్లాడాను. మర్యాదస్తుడు. మిషన్ బిగించినప్పుడు బ్యాంకు మనిషి ఇది విదేశీ అతిథులకు సౌకర్యమని చెప్పాడట. నెలనెలా కొంత సొమ్ము హోటల్ ఖాతాలో పడుతుంది. ఏ రేటుకు మారుస్తున్నారని అడిగితే ఆయనకు తెలియదు. అతిథి చేతే నొక్కించాలన్న నిబంధన ఉందని కూడా ఆయనకు ఎవరూ చెప్పలేదు. "ఇది మోసం అంటారా?" అని అడిగారు. మీరు చేసినది మోసం కాదు, కానీ మీ కౌంటర్ మీద జరుగుతున్న అమ్మకం ధర మీకే తెలియకపోవడం తప్పు అన్నాను. గది అద్దె బోర్డు మీద రాస్తారు, చెక్అవుట్ వేళ రాస్తారు, వేడినీళ్లు ఎప్పుడొస్తాయో కూడా రాస్తారు. దీని ధర ఒక్కటి ఎక్కడా రాయలేదు.

ఆ సంభాషణ తరువాతే నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది. పరదేశంలో మనవాళ్లు నష్టపోతున్నారని బాధపడే హక్కు మనకు ఉండాలంటే, ప్రపంచం నలుమూలల నుంచి జనం వచ్చే మన ఊళ్లో ముందు ఈ పని సరిగ్గా జరగాలి. ఎంతోకాలంగా దాచుకున్న డబ్బుతో, మొక్కు తీర్చుకోవడానికి, ముసలి తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వచ్చినవాళ్లు వాళ్లు. వాళ్ల నుంచి అడగకుండా తీసుకునే నాలుగైదు శాతం ఏ హోటల్‌నూ నిలబెట్టదు.

మన మిషన్లన్నిటి మీదా, విదేశీ కార్డు పెట్టినప్పుడు, ఆ మార్పిడికి తీసుకునే శాతం మీట పక్కనే కనిపించాలని రిజర్వ్ బ్యాంకు నిర్దేశించాలన్నది నా కోరిక. అలాగే విదేశంలో రూపాయల్లో జరిగిన ప్రతి లావాదేవీకి మన బ్యాంకు పంపే సందేశంలో, అదే మొత్తం స్థానిక కరెన్సీలో కట్టి ఉంటే ఎంత అయ్యేదో ఒక వాక్యం చేర్చాలి. బ్యాంకు దగ్గర ఆ రెండు అంకెలూ లేకపోవడానికి వీల్లేదు. అలాంటి సందేశం ఒక్కసారి చూసినవారు రెండోసారి మిషన్ ముందు తడబడరు.

హోటళ్లవారు మాత్రం ఏ ఆదేశం కోసమూ ఆగనక్కరలేదు. ఈ సేవ వద్దని మిషన్ ఇచ్చిన బ్యాంకుకు ఒక లేఖ రాస్తే తీసేయించుకోవచ్చు. ఉంచుకోదలిస్తే, నెలనెలా వచ్చే వాటా వివరాలతో పాటు మారకపు శాతం ఎంతో ఆ బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకుని కౌంటర్ మీద పెట్టాలి. కుర్రాళ్లకు చెప్పవలసింది కూడా పెద్దగా ఏమీ లేదు: విదేశీ కార్డు పెట్టాక మిషన్‌ను అతిథి వైపు తిప్పి ఇవ్వాలి, కరెన్సీ మీట తాము నొక్కకూడదు, డాలర్లా రూపాయలా అని అతిథి అడిగితే రూపాయలైతే మీ బ్యాంకు రేటు పడుతుంది, డాలర్లైతే ఈ మిషన్ రేటు పడుతుంది అని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ మేనేజర్‌కు ఇవే రాసి ఇచ్చాను. కౌంటర్‌లోని వారికి వెంటనే చెప్పారు. బ్యాంకుకు లేఖ రాసే విషయం యజమానితో మాట్లాడాలన్నారు.